ఎవరూ సంతకం చెయ్యని స్టాంపు

రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులు కుట్టి అట్టలు వేసే బైండరు ఆయన. జేబులో కలం బదులు చిన్న పట్టకారు పెట్టుకు తిరిగేవాడు కాబట్టి అందరికీ పట్టకారాయన అయిపోయాడు. ఆ పట్టకారు రెవెన్యూ స్టాంపుల కోసం. చిత్తుకాగితాల్లోకి పోయే పాత రశీదుల్ని, పై అధికారిని అడిగి మరీ ఇంటికి తెచ్చుకుని, స్టాంపుల్ని ఆవిరి పట్టి ఊడదీసేవాడు. ఉత్తరాల మీది స్టాంపులు దాచుకునేవాళ్ళు వీధికిద్దరుంటారు. రశీదు మీది స్టాంపులు ఎవరికి కావాలి చెప్పండి? ఈయనకి కావాలి. ముప్ఫై ఏళ్ళు ఆ పిచ్చిలోనే బతికాడు.

ఆ స్టాంపులతో ఒక చిక్కుంది. వాటిమీద అడ్డంగా సంతకం చెయ్యాలి. సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడాలి. అందుకని ఏ పాత స్టాంపు చూసినా మొహాన ఎవరిదో ఒక గీత ఉంటుంది. ఆ గీతలంటే పట్టకారాయనకి ఒళ్ళు మంట. చిన్న గిన్నెలో మందునీళ్ళు పోసుకుని, సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి, స్టాంపు రంగు చెదరకుండా సిరాని మాత్రం లేపేసేవాడు. వాడిన స్టాంపుని కొత్తదిలా చెయ్యడం తప్పుపని అని తోటి సేకర్తలు మొహాన్నే అనేవాళ్ళు.

"నేనేమన్నా అమ్ముతున్నానా? నా కళ్ళకి శుభ్రంగా కనబడాలి, అంతే" అనేవాడు.

భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. మనిషిని చూసి కొలత చెప్పేయగలదు కానీ అక్షరం రాదు. ఇల్లు కొన్నప్పుడు, ఆయన పనిచేసే ఆఫీసులోనే, ఆయన పక్కన కూర్చుని భోంచేసే గుమాస్తాల ముందే వేలిముద్ర వేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"ఊరందరి కాగితాలూ కుట్టేవాణ్ణి. నా ఇంట్లో వేలిముద్ర!" అన్నాడు దారిలో. ఆవిడ వేలికంటిన సిరా రుద్దుకుంటూ వెనకాలే నడిచింది. ఆ మాట ఆయన మర్చిపోయాడు. మాట అన్నవాళ్ళకేం, మర్చిపోతారు.

ఏడాది తిరిగాక ఓ ఆదివారం, ఆవిడ ఒక తెల్లకాగితం తెచ్చి ఆయన బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. కాగితం మధ్యలో ఒక స్టాంపు అంటించి ఉంది.

ఆయన వంగి చూశాడు. స్టాంపు చుట్టూ పళ్ళ అంచు లేదు. మామూలు స్టాంపుకన్నా దళసరి కాగితం. ఎక్కడా చూడని ముదురు నీలం. అది స్టాంపు కూడా కాదు, ప్రూఫు. అచ్చు మొదలుపెట్టే ముందు, రంగు ఎలా వస్తుందో చూసుకోవడానికి ఒకటో రెండో తీసే నమూనా. చివరికి ఎర్రరంగు ఖాయం చేశారు కాబట్టి నీలం బయటికి రానే లేదు.

"ఎక్కడిదే ఇది?"

"స్టాంపుల అచ్చాఫీసులో పనిచేసిన తాతగారి పాత కోటు బిగించమని ఆయన మనవడు ఇచ్చాడండీ. లోపలి జేబులో ఉంది. అడిగితే ఉంచుకోమన్నాడు. మీకిష్టమని..."

"ఇష్టమని జిగురేసి అంటిస్తావా? దీనిమీద కలం పెట్టి గీకుతావా? తలకాయ ఉందా నీకు?"

నిజమే, స్టాంపు మీద అడ్డంగా సిరాగీతలున్నాయి. అవేమిటో చూశాడా? చూడలేదు. కలం పాళీ పరీక్షించుకుందనుకున్నాడు. ఆ పూట అన్నం కూడా మానేసి, ఆవిరి పట్టి ప్రూఫుని ఊడదీసి, కాగితాన్ని ఉండచుట్టి బల్ల కిందికి విసిరేసి, గిన్నె ముందేసుకుని కూర్చున్నాడు. పొద్దువాలేసరికి గీతలు మాయమయ్యాయి. భార్యని పిలిచి సంబరంగా చూపించాడు.

"చూశావా, నా పని! ఎక్కడైనా తెలుస్తోందా?"

ఆవిడ చాలాసేపు చూసింది. "లేదండీ, బాగా పోయింది" అంది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ఆ తర్వాత ఎన్ని కాగితాలొచ్చినా ఆవిడ వేలే ముందుకి చాపింది. ఆయన కూడా ఏమీ అనలేదు, అలవాటైపోయింది. పదిహేడేళ్ళు గడిచాయి. ఆవిడ గుండె జబ్బుతో నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి కన్నుమూసింది. అక్కడ ఆఖరి కాగితం మీద కూడా వేలిముద్రే.

నెల తర్వాత కూతురు మిషను సొరుగు సర్దుతూ ఒక కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఉండచుట్టిన మడతలన్నీ ఇస్త్రీపెట్టెతో సాపు చేసిన కాగితం. మధ్యలో జిగురు మరకతో నలుచదరం ఖాళీ. ఖాళీకి ఎడమపక్క ఒక అక్షరం, దాని పక్కన సగంలో తెగిపోయిన ఇంకో అక్షరం. కుడిపక్క ఒక దీర్ఘం, కింద గీసిన గీత తాలూకు తోక.

"ఇది అమ్మ సంతకం నాన్నా."

"మీ అమ్మకి సంతకమేమిటే?"

"నేనే నేర్పాను. నేను స్కూలునుంచి రాగానే నేర్పించుకునేది. కత్తిరింపు సుద్దతో బట్టమీద రాయడం, దులిపెయ్యడం. మీరు నవ్వులపాలయ్యారని ఏడాదిపాటు నేర్చుకుంది. ఆ ఆదివారం మీకే మొదట చూపిస్తానంది. రెవెన్యూ స్టాంపు మీద చేస్తేనే మా ఆయనకి ఆనుతుంది అంది."

ఆయన ఆ ఖాళీ నలుచదరం మీద వేలు పెట్టాడు. "మరి అప్పుడే చెప్పొచ్చు కదే" అన్నాడు.

"నేను చెప్తానంటే ఒట్టు పెట్టించుకుంది. అంత కష్టపడి శుభ్రం చేసుకున్నారు, ఇప్పుడు చెప్తే బాధపడతారు, వద్దంది."

పట్టకారాయన కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. కూతురు పెళ్ళినాడు కూడా తొణకని మనిషి.

ఊళ్ళో భూతద్దం మాస్టారని ఒక ముసలాయన ఉన్నాడు. స్టాంపులు పరీక్షించి అసలూ నకిలీ తేల్చి, కాగితం రాసిచ్చేవాడు. ఆయన దగ్గర ఊదారంగు దీపం ఒకటుంది. కడిగేసిన సిరా మామూలు వెలుగులో కనబడకపోయినా, ఆ దీపం కింద మసకగా తేలుతుంది. కడిగిన స్టాంపులన్నీ అక్కడే దొరికిపోతాయి. అందుకే పట్టకారాయన ఇన్నేళ్ళూ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు ప్రూఫుని చొక్కా జేబులో పెట్టుకుని తనంత తానే వెళ్ళాడు. ఆ గీత ఒక్కసారి తేలితే చాలు, పక్కన ఈ కాగితం పెట్టి మొత్తం పేరు కళ్ళారా చూసుకుంటాడు.

మాస్టారు కిటికీ తలుపులు మూసి దీపం వెలిగించారు. ప్రూఫుని ఇటు తిప్పారు, అటు తిప్పారు. అద్దం మార్చారు. పట్టకారాయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నా కనబడుతోందాండీ? సన్నగా అయినా సరే?"

"ఏం లేదయ్యా."

"ఎడమ అంచున చూడండి. అక్షరం సగం ఉండాలి."

"భయపడకు. చుక్క మచ్చ లేదు. నువ్వు కడిగి ఉంటావని అనుమానించాను, క్షమించు" అంటూ మాస్టారు సంబరంగా కిటికీ తెరిచి, కలం తీసి కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. రాస్తూ పైకి చదివారు. "నీలిరంగు ప్రూఫు. అసలైనది. దీనిమీద ఎన్నడూ ఎవరూ సంతకం చెయ్యలేదు."

పట్టకారాయన చెయ్యి చాపి ఆయన కలం పట్టుకున్నాడు.

"అలా రాయకండి మాస్టారూ. మా ఆవిడ చేసింది."