తప్పించుకు తిరిగేవాళ్ళు

ఆ రోజుల్లో భయం గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ప్రమాదాల తర్వాత మనుషుల్లో మిగిలిపోయే భయం మీద బెజవాడలో పరిశోధన చేసే చోట నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. దెబ్బ తగిలిన చోటును మెదడు గుర్తుపెట్టుకుంటుందనీ, అటు వెళ్ళడం మానేసినకొద్దీ భయం ముదురుతుందనీ, మెల్లగా మళ్ళీ వెళ్తేనే అది తగ్గుతుందనీ వచ్చినవాళ్ళందరికీ గడగడా చెప్పేదాన్ని. (ఏడాది కిందట బెంజ్ సర్కిల్‌లో స్కూటీ మీంచి పడ్డ నేను, అప్పట్నుంచీ సందులన్నీ తిరిగి ఆఫీసుకొస్తున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగితే "అటు ట్రాఫిక్ ఎక్కువండీ" అనేదాన్ని.)

వచ్చినవాళ్ళని అడిగే ప్రశ్నల పత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన ఘనత నాదే. "ప్రమాదం జరిగిన చోటును తప్పించుకు తిరుగుతున్నారా?" అని రాశాను. అందరూ "లేదు" అనేవాళ్ళే! మైలవరం నుంచి వచ్చిన మామిడికాయల వ్యాపారి (మేమంతా మామిడి బాబాయ్ అనేవాళ్ళం) కూడా బెంజ్ సర్కిల్‌లోనే బండి మీంచి పడ్డ మనిషి. ఆ ప్రశ్న వినగానే కుర్చీలోంచి లేచాడు. "తప్పించుకు తిరగడానికి నేనేమన్నా దొంగనాండీ?" హడలిపోయి "లేదు" దగ్గర టిక్కు పెట్టేశాను. ("అటు వెళ్ళడం మానేశారా?" అని అడగాలని తట్టలేదు.) మా మేడమ్ అది చూసి, "అయితే ఆయన్ని ఆటోలో సర్కిల్ దాటించు. భయానికి పట్టే చెమట కొలిచే తీగలు వేళ్ళకి పెట్టు" అన్నారు.

"నేనాండీ?"

"మరి నేనా?"

కాదంటే ఉద్యోగం పోతుంది, అవునంటే ప్రాణం పోయేలా ఉంది. వెళ్ళాను.

సిగ్నల్ దగ్గరపడుతుండగా బాబాయ్ డ్రైవర్ భుజం తట్టాడు. "పక్క సందులోంచి పోనీవయ్యా. ఇటు ట్రాఫిక్ ఎక్కువ." అచ్చం నా మాటలే! నోరు మూసుకుంటే చాలు, ఇద్దరం బతికిపోతాం. కానీ తీగలు కట్టిన వేళ్ళతో ఆయన సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. ఈ పూట వదిలేస్తే ఆయన ఇంకెప్పుడూ ఇటు రాడు, నేనూ రాను. "తిన్నగా పోనివ్వండి!" అని కీచుగా అరిచాను. పచ్చ లైటు పడింది. పక్కనే లారీ హారన్ మోగింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"ఓసి నీ భయం! ఈ తీగలు నీకు కట్టాల్సిందమ్మా," అన్నాడు బాబాయ్. "కళ్ళు తెరువు. ఇద్దరం కలిసే చూద్దాం." తెరిచాను. ఊపిరి బిగబట్టి చూశాం. దాటేశాం. నాకు ఏడుపొచ్చేసింది.

అవతల టీ కొట్టు దగ్గర దిగాం. సగం టీ తాగాక బాబాయ్ గ్లాసు దించి, "మళ్ళీ ఇటే వెళ్ళాలి గదమ్మా?" అన్నాడు.

ఇప్పుడు రోజూ ఆ సర్కిల్ మీదుగానే వెళ్తాను. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మెదడు గురించి అంత చదివిన పిల్ల, ఆ పూట టీ కొట్టు దగ్గర, పాపం, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "బాబాయ్ గారూ, ఇంకో టీ చెప్పనా?" అంది.