అమ్మోరి వాటా

నర్సీపట్నం ఊరి చివర, తాగుడు మాన్పించే ఆ కేంద్రానికి ఉన్నది ఒకటే గేటు. లోపలంతా మగాళ్ళే. పెళ్ళాం వచ్చినా తల్లి వచ్చినా గేటు బయట బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఆ గేటుకు కాపలా పరదేశి. దొంగ చేతికి తాళాలిచ్చారని నవ్వినవాళ్ళు నవ్వారు గానీ, ఇచ్చినాయన తెలివితక్కువవాడేం కాదు. చేపల పులుసు అడుగున సీసా దాచి తెస్తే, క్యారేజీ మూత తీయకముందే పరదేశి ముక్కు పట్టేస్తుంది. చూడ్డానికి ఎవరొచ్చినా అతను ముందు అనే మాట ఒకటే. "ఊదు."

అతనిది ఎస్. రాయవరం అవతల సముద్రపు ఒడ్డు. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, వీడైనా బతకాలని పరాయివాడి పేరు పెట్టారు. బతికాడు. బతికి తాగాడు. మద్యనిషేధం ఎత్తేసిన మరుసటి ఏడు, తొంభై ఎనిమిదిలో, పెళ్ళాం కొండలమ్మ చేపల తట్ట పక్కింట్లో పడేసి, అతన్ని బస్సెక్కించి తెచ్చి ఈ గేటు లోపలికి తోసింది. నలభై రోజులకు మనిషై వెళ్ళాడు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ తెచ్చింది. ఇలా మూడుసార్లు.

మనిషై వెళ్ళిన రెండుసార్లూ అతన్ని పడేసింది బ్రాందీ షాపు కాదు. కొత్త వల కట్టినా కొత్త బోటు దించినా గంగమ్మ తల్లికి గ్లాసుడు సారా పోస్తారు. సగం బోటు ముక్కు మీద, మిగతా సగం ఇంటి పెద్దమగాడి గొంతులో. అది పడితేనే అమ్మోరికి అందినట్టు. "ఇది మందేటి, తీర్తం. తీర్తానికి దోసమేటి?" అనుకుని కళ్ళకద్దుకుని తాగేవాడు పరదేశి. నాలుగోరోజుకి ఇసకలో దొర్లేవాడు. తల్లి పేరు చెప్పి గొంతు తడుపుకునేవాణ్ణి ఏ డాక్టరు మాత్రం బాగుచేస్తాడు!

మూడోసారి సూపరింటెండెంటు గారు మొహమాటం లేకుండా చెప్పారు. "గేటు దగ్గర పని ఇస్తాను, ఇక్కడే ఉండు. బయటికెళ్ళి పడ్డావంటే నాలుగోసారి మంచం ఇవ్వను."

నాలుగేళ్ళు ఉన్నాడు. నెలకోసారి కొండలమ్మ వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఇద్దరికీ మాటలు అయిపోయి చాలాకాలమైంది. ఎండుచేపల పొట్లం ఇచ్చి, "ఉంటాను మావా" అని లేచేది.

రెండువేల అయిదులో తమ్ముడు కన్నబాబు గేటు దగ్గరికొచ్చాడు. "అన్నా, కొత్త బోటు దించుతున్నాం. అయ్య లేడు, పెద్దోడివి నువ్వే. నువ్వు రాకపోతే బోటు ఒడ్డునే ఉండిపోద్ది."

పరదేశికి భయం పుట్టింది. నిజంగానే పుట్టింది. అయినా తమ్ముడి కూడు కదా, వెళ్ళాడు.

పొద్దున్నే పసుపు రాసిన బోటు చుట్టూ నలభై మంది మగాళ్ళు. ఆడవాళ్ళు దూరంగా. పరదేశి సగం గ్లాసు బోటు ముక్కు మీద పోశాడు. మిగతా సగం చేతిలో ఉండిపోయింది. ఆ వాసన అతనికి పుట్టిల్లు.

"బేగి కానీ అన్నా, అల లెగుత్తంది" అన్నాడు కన్నబాబు.

గ్లాసు పెదవి దాకా వచ్చింది. అప్పుడు మగాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ వచ్చింది కొండలమ్మ. గ్లాసు లాక్కుంది.

"వదినా! ఇది మగోళ్ళ పని!"

"పెళ్ళినాడు ఈడిలో సగం నానే అని మీ పెద్దలే సెప్పినారు గదా. మరి ఈడి వాటా నాది కాదేటి? అమ్మోరు కూడా ఆడదే. ఆవిడికి లేని రోసం మీకేటిరా?"

గటగటా తాగేసింది. జన్మలో ముట్టని మనిషి, దగ్గు ముంచుకొచ్చి సగం రవిక మీదే ఒలికింది. కన్నబాబే ముందు బోటుకు భుజం ఆనించాడు. బోటు నీళ్ళలోకి దిగింది.

ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని మొగుణ్ణి తనే బస్సులో తీసుకొచ్చింది. దారంతా ఆమెకు తల తిరుగుతూనే ఉంది. గేటు దగ్గర దిగాక పరదేశి లోపలికెళ్ళి నిలబడ్డాడు. కొండలమ్మ ఊచల దగ్గరికొచ్చి నవ్వింది.

"నన్ను ఊదమనవేటి?"

ఊదింది. ఆ వాసన ఊచల్లోంచి వచ్చి ముఖాన తగిలింది. పరదేశి నోట్లో నీళ్ళూరాయి. నాలుగేళ్ళ తరవాత, తనకోసం విషం మింగిన పెళ్ళాం ఊపిరికి, నోట్లో నీళ్ళూరాయి. సిగ్గుతో చచ్చిపోయాడు. రెండడుగులు వెనక్కి వేసి చేతులతో ముఖం కప్పుకున్నాడు.

కొండలమ్మకు అర్థమైంది. కోపం రాలేదు, అంత ఓపిక కూడా లేదు. ఊచలు వదిలేసి, ఎంత దూరమైతే వాసన రాదో అంత దూరం జరిగింది.

"తాళం ఏసుకో మావా" అంది అక్కణ్ణించే. "వచ్చే నెల తానం సేసి వత్తాను."