హజరత్తయ్య గుంట కట్ట మీద మూలిగేది

హజరత్తయ్య గుంటలో రొయ్యలు పాట మొదలైతేగాని మేత ముట్టవు. శ్రుతి తప్పిందంటే మీసాలు విదిలించి మూతి తిప్పుకుంటాయి. కోట ఊరి చుట్టుపక్కల రైతుల్ని ఎవర్నడిగినా ఒట్టేసి చెబుతారు. మొదట్లో ఆ పాటను తిట్టిపోసిన మహానుభావులూ వాళ్లే.

హజరత్తయ్య కూతురు వెన్నెల తిరుపతిలో నాలుగేళ్లు శిల్పం చదివింది. ఆ చదువు తడాఖా చూపించడానికి, నీళ్లు చిలికే ఏరేటర్ల విరిగిన రెక్కలూ పాత పైపులూ పోగేసి, పైపులకు కంతలు పెట్టి, బోల్టులతో బిగించి గుంట కట్ట మీద నిలబెట్టింది. కొంగా కాదు, మనిషీ కాదు. సముద్రపు గాలి తగిలితే మూలిగేది. ఏడుపని తేల్చేలోపు ఈల వేసేది.

"ఇదేందమ్మా?" అన్నాడు హజరత్తయ్య.

"నీకేమనిపిస్తే అది, నాయనా. రొయ్యల పట్టుబడి దాకా తీయొద్దు."

సరేనన్నాడు. ఆ పిల్ల చెన్నైలో పనికి వెళ్లిపోయింది. పరువు కాపాడుకునే పని తండ్రికి మిగిలింది.

పక్క గుంట రమణయ్య, హజరత్తయ్య చెల్లెలి మొగుడు, ఒక్క చెవితో విని తీర్పిచ్చాడు. "ఏంది బావా, ఎనుము ఈనతా ఉండాదా?"

ఆ మాట టీకొట్టుకు పాకింది. హజరత్తయ్య టీ మానేశాడు. మధ్యాహ్నం షెడ్డులో మంచమెక్కి దాన్ని తిట్టుకునేవాడు. పోను పోను తిట్టు పూర్తికాకముందే గుర్రు పెట్టేవాడు.

పంట సగంలో ఉండగా, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయింది. రొయ్య తినకపోతే రైతుకూ ముద్ద దిగదు. నీళ్లు చూడాలి, మేత మానేసి పెంకు విడిచే సమయమేమో చూడాలి. రమణయ్యకు అంత ఓపికేదీ! నేరుగా కట్ట మీదికి చెయ్యి చూపించాడు.

"దాని మూలుగుడికి బెదిరినాయి. పీకెయ్ బావా, లేకుంటే పంట పాయె!"

కూతురికిచ్చిన మాటా, పంటా తూచుకుని, హజరత్తయ్య బోల్టులు విప్పి దాన్ని షెడ్డులో పడేశాడు.

మర్నాడూ మేత అట్లాగే ఉంది. మధ్యాహ్నం మంచం మీద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. చివరికి లేచి కూర్చుంటే రమణయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అది యాడ బావా?"

"నువ్వే గదా పీకమంటివి!"

"పీకమంటే పీకేస్తావా? మీ చెల్లెలు కునుకు పట్టక నన్ను పీక్కతింటా ఉండాది. అందులో మీ అమ్మ జోల వినపడేదంట."

"మరి నీకు?"

రమణయ్య గుంట వైపు తిరిగాడు. "చచ్చిపోయిన మా ఎనుము."

ఇద్దరూ కలిసి దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఏ పైపు ఎక్కడిదో తెలియక కొట్టుకు చచ్చారు. ఎనుము గొంతు పైనుండాలని రమణయ్య పట్టు.

నాలుగు రోజులకు రొయ్యలు పెంకు విడిచి మేతందుకున్నాయి. "పాట విని తినినాయి!" అని రమణయ్య ఊరూరా చాటాడు. బైకులేసుకుని జనం వచ్చారు. ఒకరికి రేవులో పడవ కూత, ఒకరికి అత్తగారి సణుగుడు. ఎవరి చెవికి తగ్గది వాళ్లు పట్టుకుపోయారు.

పట్టుబడి అయింది. వెన్నెల వచ్చి కట్టెక్కి, తారుమారైన పైపుల్ని చూసి తండ్రి ముఖంలోకి చూసింది.

"గడువైపోయింది నాయనా, తీసేస్తా" అంటూ స్పానర్ పెట్టింది.

"వద్దమ్మా! రొయ్యలు పస్తుంటాయి!" అని రమణయ్య అడ్డం పడ్డాడు.

హజరత్తయ్య కూతురి చేతిలోంచి స్పానర్ లాక్కున్నాడు.

"రొయ్యలకు చెవులు యాడుండాయి? అది ఆగితే నిద్ర పట్టంది నాకు."