ఒక కన్ను గుడివాడలో, ఒక కన్ను హంసలదీవిలో

గుడివాడ స్టేషన్లో బందరు బండి ఎక్కేసరికి ఉదయం ఎనిమిది దాటింది. కిటికీ పక్క సీటు దొరికింది. పక్క సీటు మీద అలవాటు కొద్దీ చేతిసంచి పెట్టి, కాసేపు ఎవరినీ కూర్చోనివ్వలేదు. తర్వాత నాకే సిగ్గేసి సంచి ఒళ్ళోకి తీసుకున్నాను. ఇరవై ఏళ్ళ పైచిలుకులో టెలిస్కోపు పని మీద మా ఆయన లేకుండా నేను ఎక్కిన మొదటి బండి ఇదే.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆయన మొన్నమొన్నటిదాకా ఆఫీసు గుమాస్తా. ఇద్దరికీ ఒకటే పిచ్చి: పెరట్లో కొబ్బరిచెట్ల సందులోంచి చంద్రుణ్ణీ గ్రహాలనీ ఫోటోలు తీయడం. చూసే కటకం ఒక్కటే కాబట్టి వంతులు వేసుకునేవాళ్ళం. "నీ వంతయిపోయింది, జరుగు" అని చిన్నపిల్లల్లా పోట్లాడుకున్న రోజులూ ఉన్నాయి. రెండేళ్ళ కిందట స్కూటరు మీంచి పడి ఆయన నడుం దెబ్బతింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని పెరట్లోకి రాగలరు, కుర్చీలో గంటసేపు కూర్చోగలరు. రైళ్ళూ బస్సులూ ఇక ఆయన వల్ల కావు.

ఒక్క కోరిక మాత్రం మిగిలిపోయింది. చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో పుస్తకంలో చూసి కాకుండా, మా ఫోటోలతో మేమే కొలవాలని. పద్ధతి తేలికే. బొటనవేలు ముఖం ముందు నిలబెట్టి ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. అలాగే దూరంగా ఉన్న రెండు ఊళ్ళ నుంచి ఒకే క్షణంలో ఫోటో తీస్తే, పక్కనే కనిపించినా ఎంతో దూరానున్న శుక్రుడితో పోల్చినప్పుడు చంద్రుడు కాస్త జరిగి కనిపిస్తాడు. ఆ జరుగుడుని బట్టి దూరం కట్టొచ్చు. "ఒక కన్ను గుడివాడలో, ఒక కన్ను హంసలదీవిలో," అన్నారాయన. ఊరు ఆయనే ఎంచుకున్నారు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం మొదటిసారి చంద్రుణ్ణి ఫోటో తీసింది అక్కడే, పాలకాయతిప్ప బీచి ఇసుకలో నిలబడి.

చిక్కల్లా ఆ క్షణం దగ్గరే. చంద్రుడు ఊరికే నిలబడడు కదా. ఒక్క నిమిషం తేడా వచ్చినా లెక్కంతా గంగపాలు. అక్కడ మా ఫోనుకి సిగ్నల్ ఉండదు. అందుకని వాచీలు సెకన్లతో సహా కలుపుకున్నాం. సాయంత్రం ఏడు నుంచి ఏడుంపావు దాకా, ప్రతి నిమిషం మొదలవగానే ఇద్దరం బటన్ నొక్కాలి. అందులో ఒక్క నిమిషం ఇద్దరికీ కుదిరితే చాలు. తదియ చంద్రుడి పక్కన శుక్రుడు ఇంత దగ్గరగా వచ్చి నిలవడం మళ్ళీ ఎప్పటికో గానీ జరగదు. అప్పటికి ఆయన గంటసేపు కూర్చోగలరో లేదో నేను చెప్పలేను. అందుకే బయల్దేరాను.

పెడనలో ఒకావిడ కలంకారీ దుప్పట్ల మూటతో ఎక్కి, ఇందాక నేను వదిలిన సీట్లో కూర్చుంది. నా కాళ్ళ దగ్గర దుప్పట్లో చుట్టి ఉన్న స్టాండు చూసింది.

"దుప్పటి మా పెడనదేనండీ. లోపలేంటి?"

"కెమెరా స్టాండండీ. చందమామని ఫోటో తీయడానికి."

"పెళ్ళి ఫోటోలనుకున్నా! ఆయనకెప్పుడో అయిపోయిందిగా, ఇరవయ్యేడుగురితో."

బందరు వచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

స్టేషన్ నుంచి ఆటోలో మస్తాన్ ఇంటికి వెళ్ళాను. అతనిది ఫోటో స్టూడియో. మాలాగే ఆకాశం పిచ్చి. మా పెద్ద టెలిస్కోపు పెరట్లో మా ఆయన కోసం ఉంచేశాను కాబట్టి, మస్తాన్ దగ్గరున్న చిన్నదాన్ని అరువు అడిగాం. ఇడ్లీ తినేదాకా కదలనివ్వలేదు. టెలిస్కోపు సంచి భుజానికి తగిలిస్తూ, "బావగారు కూడా వస్తే బాగుండేది అక్కా," అన్నాడు. అవునని తల ఊపాను. ఆ మాట మనసులో పొద్దుటినుంచీ నేనే వందసార్లు అనుకున్నాను గానీ, ఇంకొకరి నోట వినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పదకొండింటికి బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిచ్చారు. కండక్టరు సంచి వంక అనుమానంగా చూశాడు.

"మీరు ఫ్రీయేనండీ. దీనికి మాత్రం లగేజీ కొట్టాలేమో."

"ఒళ్ళో పెట్టుకుంటానండీ."

"అయితే చంటిపిల్ల కిందే లెక్క. కూర్చోండి."

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర నది కనబడగానే కిటికీలోంచి తల బయటపెట్టాను. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆయన, "దివిసీమలోకొచ్చాం, ఇక ఫోన్ కట్టేయ్," అనేవారు. ఈసారి నేను ఫోను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఒంటిగంటకి అవనిగడ్డ. బస్టాండు దగ్గరే లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను బాగా తిరుగుతుంది, బకెట్టు మాత్రం అడిగి తెప్పించుకోవాలి. మెస్సులో భోజనం. గోంగూర పచ్చడి ఆయనకి ఇష్టమని రెండోసారి వేయించుకుని, తినలేక వదిలేశాను. మూడున్నరకి నాంచారయ్య అనే పెద్దాయన ఆటో మాట్లాడుకున్నాను. వెళ్ళదలచుకున్నవాళ్ళకి ఒక మాట: రానూపోనూ కలిపి, ఆగే సమయంతో సహా ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక అక్కడ తిరుగు ఆటో దొరకదు. తాగేనీళ్ళు, టార్చిలైటు, దోమల మందు మరవకండి.

కోడూరు మీదుగా పాలకాయతిప్ప చేరేసరికి అయిదు కావస్తోంది. నది నీళ్ళు బురద రంగులో వచ్చి సముద్రంలో కలుస్తుంటే, ఒకచోట నీళ్ళ రంగు ఇట్టే మారిపోతుంది. "అదుగో, చూడండి" అంటూ పక్కకి తిరిగాను. పక్కన ఎవరూ లేరు. ఇంత సముద్రం ముందు నిలబడి నాకు ఒక్క మనిషి కావాలనిపించింది, ఆ మనిషి గుడివాడలో ఉన్నాడు.

చీకటి పడ్డాక బీచిలో ఉండనివ్వరని నాంచారయ్య తొందరపెట్టాడు. హంసలదీవి దగ్గర రొయ్యల చెరువుల గట్టు మీద స్టాండు పెట్టాను. ఆరున్నరకి పడమర శుభ్రంగా ఉంది. ఆరూ నలభై అయిదుకి ఎక్కణ్ణించి ఊడిపడిందో, నల్లటి మబ్బు చంద్రుణ్ణీ శుక్రుణ్ణీ కలిపి మింగేసింది.

ఏడు గంటలు. మబ్బే. అయినా ఒప్పందం ప్రకారం బటన్ నొక్కాను. ఏడూ ఒకటి, ఏడూ రెండు. కెమెరా నిండా నలుపు. నోటికొచ్చినట్టు మబ్బుని తిట్టాను. ఖాళీ చేపల తట్టతో ఇంటికి పోతున్న ఒకావిడ ఆగి చూసింది.

"మబ్బుని తిడితే పోద్దా అమ్మా? ఏం చేత్తన్నావు?"

చెప్పాను.

"మరి మీ ఆయనేడీ?"

"గుడివాడలో మా పెరట్లో కూర్చుని ఇదే ఫోటో తీస్తున్నారు."

"అక్కడా ఈ చందమామేగా! ఒకచోట కూచుని తీసుకోక, మొగుడొకచోటా పెళ్ళామొకచోటానా?"

అంతలో మబ్బు చిరిగింది. సన్నటి చంద్రుడు, పక్కనే శుక్రుడు. వాచీ చూస్తూ ఊపిరి బిగబట్టి ఏడూ ఆరుకి నొక్కాను. ఏడూ ఏడుకి నొక్కాను. ఏడూ ఎనిమిదికి మళ్ళీ నలుపు. ఏడుంపావు దాకా నిలబడ్డాను గానీ, ఆ మబ్బు ఇక విడలేదు.

చేతిలో రెండే ఫోటోలు. ఆ రెండు నిమిషాల్లో గుడివాడలో ఏం జరిగిందో తెలియదు. అక్కడా మబ్బు పట్టిందేమో, పక్కింటి లక్ష్మి తోడున్నా టెలిస్కోపు తిప్పబోయి తూలారేమో. ఆటోలో ఫోను వైపే చూస్తూ కూర్చున్నాను. కోడూరు దగ్గరపడ్డాక సిగ్నల్ వచ్చింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"తిన్నావా వసూ?"

"తిండి సంగతి తర్వాత. నాకు రెండే దొరికాయి. ఏడూ ఆరు, ఏడూ ఏడు."

అవతల కెమెరా బటన్లు నొక్కుతున్న చప్పుడు వినపడింది.

"ఆరుకి కొబ్బరిమట్ట అడ్డొచ్చింది," అన్నారు. ఇంకో బటన్ నొక్కి, "ఏడుకి ఉంది. ఏడుకి ఉంది వసూ!"

నేను ఆటోలోనే ఏడ్చేశాను. నాంచారయ్య బండి పక్కకి ఆపి, "ఇంట్లో అంతా కులాసానేనా అమ్మగారూ?" అని కంగారుపడ్డాడు. కులాసాయేనని నవ్వుతూ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే అవనిగడ్డలో బస్సెక్కి, చల్లపల్లి, పామర్రు మీదుగా పదకొండింటికి గుడివాడ చేరాను. గుడివాడకీ హంసలదీవికీ యాభై కిలోమీటర్ల పైచిలుకు సూటి దూరం. నా ఉద్యోగంలో ఇంతకన్నా దూరాలు చాలాసార్లు వెళ్ళొచ్చాను. ఒక్క రాత్రి ఇంత పొడుగ్గా ఉండడం మాత్రం ఎరగను.

ఆయన గుమ్మంలోనే వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. కాళ్ళు కడుక్కోనివ్వలేదు, కెమెరా లాక్కున్నారు. లాప్‌టాప్‌లో రెండు ఫోటోల కొలతలు సరిచేసి, ఒకదాని మీద ఒకటి పరిచారు. శుక్రుడి మీద శుక్రుడు సరిగ్గా కూర్చున్నాడు. చంద్రుడి అంచులు మాత్రం కలవలేదు. మధ్యలో వెంట్రుక మందాన సందు.

"ఇంతేనా నువ్వెళ్ళింది?" అన్నారు. "నాకు చాలా దూరం వెళ్ళినట్టుందే."

కాగితం తీసుకుని గంటసేపు లెక్క కట్టారు. చంద్రుడు పుస్తకంలో ఉన్నదానికంటే దాదాపు పదోవంతు దగ్గరగా తేలాడు. ఈ మనిషి సంగతి నాకు తెలుసు. కూరగాయల లెక్కలో రూపాయి తేడా వచ్చినా నిద్రపోరు. ఊరడిద్దామని అన్నాను:

"ఇద్దరం ఇంకా ఎడంగా ఉంటే తప్పు తగ్గుతుందండీ. ఈసారి నేను విశాఖపట్నం వెళ్తాను."

ఆయన ఆ సందు వంక కాసేపు చూసి లాప్‌టాప్ మూసేశారు.

"తప్పుంటే ఉండనీ," అన్నారు. "నువ్వెక్కడికీ వెళ్ళకు."