మర్రిగూడ బోరు నీళ్లు

2022 వేసవి. నల్లగొండలో ఒక పరిశోధనశాల. ఎలుకల నడకను కంప్యూటర్‌తో కొలవడం నా పని. మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, అది ఎముకలను పాడుచేస్తుందని అందరికీ తెలుసు. ఎక్స్‌రేలో కనబడకముందే ఆ తేడాను నడకలో పట్టుకోగలమా అన్నది మా ప్రశ్న. పట్టుకుంటే రేపు అక్కడి పిల్లల నడక చూసి ముందే జాగ్రత్త పడొచ్చు.

ఎలుక గాజు పలక మీద నడుస్తుంటే కింద నుంచి వీడియో తీస్తాం. కొన్ని ఫ్రేముల్లో ముక్కు, పాదాలు, తోక మొదలు మీద నేను చుక్కలు పెడతాను. వీటిని కీ పాయింట్స్ అంటారు. వాటిని చూసి నేర్చుకున్న కంప్యూటర్ మోడల్, మిగతా వీడియోల్లో తనే చుక్కలు పెట్టి అడుగు పొడవు చెబుతుంది. కళ్లు లాగేసే పని.

మర్రిగూడ నుంచి తెప్పించిన బోరు నీళ్లు తాగే ఎలుకల అడుగులు చిన్నవవుతూ వచ్చి, ఉన్నట్టుండి అక్కడే ఆగిపోయాయి. కొన్నింటివి కాస్త పెరిగాయి కూడా. మోడల్‌ను తిట్టుకుంటూ చుక్కలన్నీ మళ్లీ పెట్టాను. అదే ఫలితం. చివరికి బోన్లకు తగిలించిన సీసాల్లో నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ దాదాపు లేదు.

బోన్లు చూసుకునే యాదమ్మ ఈమధ్యే చేరింది. మర్రిగూడ మండలం, గొర్లు కాచే ఇల్లు. మోకాళ్లు సరిగ్గా వంగవు.

"యాదక్కా, గా సీసాలల్ల ఏం నీళ్లు వోస్తున్నవ్?"

"ఫిల్టర్ నీళ్లు సార్, మనం తాగేటియే." దాచలేదు. "గా బోరు నీళ్లు వొయ్యబుద్ధి గాలె. గవి తాగే మా బాపు వంగిపొయ్యి మంచాన వడ్డడు. నా కాళ్లు సూస్తనే ఉన్నరు. మా ఇంట్ల మంద తాగినంకనే మేం తాగేది. తెలిసి తెలిసి నోరులేని జీవాలకు ఎట్ల వోస్త?"

కోపం రాలేదంటే అబద్ధం.

నీళ్లు మారిన బ్యాచ్ లెక్కకు పనికిరాదు. పనికిరాని ఎలుకలను ఉంచుకోరు, మత్తిచ్చి చంపేస్తారు. ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఇప్పుడు మంచిగ నడుస్తున్నయి గద సార్?"

"నడుస్తున్నయి."

"మరి సంపుడెందుకు?"

చెప్పాను. కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టాలని కూడా చెప్పాను. ఆమె గోడ పట్టుకుని లేచింది.

"అంటే నా చేతుల మీద ఇంకిన్ని సస్తయన్నట్టు" అంది. మర్నాటి నుంచి పనికి రాలేదు.

జబ్బును ముందుగా కనిపెట్టాలంటే, అంతకన్నా ముందు ఎవరో ఒకరు దాన్ని చేతులారా తెచ్చిపెట్టాలి. చదువుకునేటప్పుడు ఈ మాట ఇంత బరువుగా అనిపించలేదు. కొత్త బ్యాచ్‌కు బోరు నీళ్లు నేనే పోశాను. మోడల్‌లో ఏ తప్పూ లేదు. వారం వారం అడుగులు చిన్నవవుతూ వచ్చాయి.