మా పైవాడిని ట్రేడ్ చేశారు

నిద్ర అనేది మిగతా లోకమంతా చేసే పని, నాకు మాత్రం దాని గురించి వినికిడే తప్ప అనుభవం లేదని గట్టిగా నమ్మిన కాలం అది. ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో ఒక ఆస్పత్రిలో రెసిడెంట్ డాక్టరుగా చేరాను. రెసిడెంట్ అంటే ఆస్పత్రిలోనే కాపురం ఉండేవాడని పేరులోనే చెప్పారు, నేనే గ్రహించలేదు. డ్యూటీ దిగి అక్కాబావల అపార్ట్‌మెంట్‌కి చేరేసరికి అది పొద్దునో సాయంత్రమో, పళ్లెంలో ఉన్నది ఉప్మానో అన్నమో తెలిసేది కాదు. (ఒకసారి వంటింట్లో అక్కను చూసి "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాను. "పోపు మాడిందిరా, పీల్చకపోవడమే మంచిది" అంది.)

మా నెత్తిమీద ఫ్లాట్‌లో ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. ఆ ఏడాది ఛాంపియన్లు అవుతారని అందరూ అనుకుంటున్న జట్టు అతనిది. ఆ ఫ్లాట్ కూడా జట్టు వాళ్లు అద్దెకు తీసుకున్నదే. అతను మాత్రం ఆటలో ఎక్కువభాగం బెంచీ మీద కూర్చునేవాడు. అక్కడ మిగిలిపోయిన ఓపికంతా ఇంటికొచ్చి నడకలో ఖర్చుపెట్టేవాడేమో, మా సీలింగు దద్దరిల్లేది. మేం అతన్ని పైవాడు అనుకునేవాళ్లం. "పైవాడు నన్ను నిద్రపోనివ్వడం లేదే" అని నేను ఫోన్లో అంటే, ఇండియాలో మా అమ్మ, కుర్రాడికి అప్పుడే వేదాంతం పట్టుకుందని హడలిపోయిందట.

ఓరోజు ఇక లాభం లేదని పైకి వెళ్లి తలుపు కొట్టాను. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఒక బెల్టు కనిపించింది. కోపంగా మాట్లాడదామని తలెత్తుతూ పోతే, ముఖం చేరేసరికి మెడ పట్టేసి కోపం జారిపోయింది. "సారీ డాక్, మోకాలు నొప్పి. కూర్చుంటే బిగుసుకుపోతుంది, అందుకే నడుస్తున్నాను" అన్నాడు నా తెల్లకోటు చూసి, తప్పు చేసిన పిల్లాడిలా. ఆ మర్నాటినుంచి మెత్తటి మేజోళ్లతో నడిచాడు. అక్క పులిహోర పంపింది. గిన్నె తిరిగివ్వడానికి వచ్చినవాడు మళ్లీ తిన్నాడు. "పాపం, ఆ పొడుగంతా నిండాలంటే ఎంత అన్నం కావాలి!" అని అక్క ఆదివారాలు రెండో కుక్కర్ పెట్టడం మొదలుపెట్టింది.

మా బావకు ఆ జట్టంటే ప్రాణం. జట్టులో లోటు ఒక్కటేననీ, బుట్ట కింద కొండలా నిలబడే సెంటర్ ఒకడు దొరికితే ఇక తిరుగులేదనీ ఆయన సిద్ధాంతం. సీజన్ నడుస్తుండగానే జట్లు ఆటగాళ్లను మార్చుకోవచ్చు, ట్రేడ్ అంటారు. దానికి ఫిబ్రవరిలో ఒక గడువుంటుంది. ఆ గడువు దగ్గరపడేకొద్దీ బావకు అన్నం సయించేది కాదు. "ఇద్దరు బెంచీవాళ్లని పడేసి ఒక సెంటర్‌ని లాక్కురావాలిరా! అది చెయ్యరు ఈ దద్దమ్మలు!" అని రేడియోని తిట్టేవాడు. ఎదుటి కుర్చీలో కూర్చుని పెరుగన్నం తింటున్నవాడు బెంచీవాడే అన్న సంగతి ఆయనకు ఎందుకో తట్టేది కాదు. పైవాడికి మన భాష రాకపోవడం మా అదృష్టం.

ఒక ఉదయం నేను డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుండగా బావ కుర్చీలోంచి ఎగిరాడు. "వచ్చేశాడ్రా! సెంటర్ వచ్చేశాడు!" బదులుగా ఎవరిని ఇచ్చారో కూడా రేడియో చెప్పింది. ఆ పేరు వినగానే బావ ఎగిరినవాడు ఎగిరినట్టే కూలబడ్డాడు. అక్క స్టవ్ ఆపేసింది. "ఏమండీ, మీరు కోరుకున్నది ఇదేనా?" అంది. బావ రేడియో కట్టేశాడు.

మధ్యాహ్నం నేను పక్కమీద వాలానో లేదో పైవాడే దిగి వచ్చాడు, భుజాన ఒక సంచీతో. రేపు కొత్త ఊళ్లో ఆట, ఇప్పుడే విమానం ఎక్కాలి, మంచు వల్ల టాక్సీలు రావడం లేదు. బావ కిటికీలోంచి మంచును దీక్షగా చూస్తున్నాడు. "ఒరేయ్, నువ్వు దింపిరారా" అంది అక్క. విప్పిన బూట్లు మళ్లీ తొడుక్కున్నాను.

నాది చిన్న పాత కారు. ముందుసీటు చివరిదాకా వెనక్కి జరిపినా అతని మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి. సిగ్నల్ దగ్గర నా కళ్లు మూతపడ్డాయి. "డాక్! ఆకుపచ్చ!" అన్నాడు. ఇక దారంతా నన్ను మేలుకొలిపే పని నెత్తినేసుకుని, "పులిహోర" అనడం నేర్పమన్నాడు. ఎయిర్‌పోర్టు వచ్చేదాకా "పుల్లీ హోరా, పుల్లీ హోరా" అని జపించాడు. మధ్యలో ఒకసారి మాత్రం, "కొత్త కర్టెన్లు వేయించాను, డాక్. ఈ ఊళ్లో ఉండిపోతాననుకున్నాను" అన్నాడు. నేను వైపర్లు వేశాను.

ఎయిర్‌పోర్టు గుమ్మంలో ఇంకొక మహాకాయుడు సామాను పక్కన దిక్కులు చూస్తూ నిలబడి ఉన్నాడు. పైవాడు ఆగిపోయాడు. "అదుగో, నాకు బదులు వచ్చినవాడు." ఇద్దరూ కోర్టులో ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్న పాత పరిచయమేనట. వాళ్లిద్దరి చేతులూ నా తలమీదుగా కలిశాయి.

"మీవాళ్లు ఎలాంటివాళ్లు?" అన్నాడు సెంటర్.

"మంచివాళ్లు. నువ్వొచ్చావుగా, గెలుస్తారు. మరి మీవాళ్లు?"

"మంచివాళ్లే. నా పిల్లలకు స్కూలు సంవత్సరం మధ్యలో ఉంది. జూన్ దాకా వాళ్లు అక్కడ, నేను ఇక్కడ."

ఇద్దరూ నవ్వారు. ఆస్పత్రిలో షిఫ్టు మారేటప్పుడు మేం నవ్వుకునే నవ్వే అది. పైవాడు జేబులోంచి ఫ్లాట్ తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "జట్టు కారు ఈ మంచులో ఎప్పటికో వస్తుంది. మా డాక్టర్‌తో వెళ్లు" అని, వంగి నన్ను కావిలించుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ విధంగా ఆ ఏటి పెద్ద ట్రేడు నా కారులోనే జరిగింది, ఒకణ్ణి దింపి ఇంకొకణ్ణి ఎక్కించుకున్నాను.

ఇంటిముందు కారు ఆపింది గుర్తుంది. తర్వాత సంగతి అక్క చెప్పగా విన్నదే. ఎన్నాళ్లనుంచో కలగన్న సెంటర్‌కి స్వాగతం చెప్పడానికి బావ పరుగున దిగాడట. తీరాచూస్తే స్టీరింగ్ మీద తలపెట్టి నేనూ, అద్దానికి చెంప ఆనించి ఆ కొండంత మనిషీ గుర్రుపెట్టి నిద్రపోతున్నాం. లేపడానికి మనసొప్పక, బావ గొడుగు పట్టుకుని మంచులో అలాగే నిలబడ్డాడట.

ఆ ఏడాది జట్టు చివరిదాకా వెళ్లి ఓడిపోయింది. పైవాణ్ణి అక్కణ్ణుంచి మరో ఊరికి, ఆపైన ఇంకో ఊరికి మార్చారని బావ పేపర్లో చూసి చెబుతుండేవాడు. తర్వాత పేపర్లో ఆ పేరు రావడం మానేసింది.

ఇప్పుడు అల్ఫారెట్టా అనే ఊళ్లో ఉంటున్నాం. ఫిబ్రవరి వచ్చిందంటే మా అబ్బాయి ఫోన్ చూస్తూ కేకలేస్తాడు, "డాడీ! గ్రేట్ ట్రేడ్! మనకి సెంటర్ వచ్చాడు!"

"ఎవర్ని ఇచ్చారురా?"

"ఎవరో బెంచ్ గై, డాడీ. నో బిగ్ డీల్."

ఇద్దరు పొడుగాటి మనుషుల మధ్య, మంచులో తడిసిన బూట్లతో ఆవలిస్తూ నిలబడిన ఆ బక్కపలుచని డాక్టరు కళ్లముందు మెదులుతాడు. ఎంత పెద్ద విషయం తన తలమీదుగా జరిగిపోతోందో వాడికేం తెలుసు, పాపం! వాడికి నిద్రొస్తోంది, అంతే.