ముక్కుపిట్ట కథా, నా ఎత్తుపళ్ళూ

ఇప్పుడంటే ఎవరైనా ఫోను ఎత్తి "ఫొటో" అనగానే పళ్ళన్నీ బయటపెట్టి నిలబడతాను గానీ, ఆ రోజుల్లో నా నవ్వు చూసినవాళ్ళు చాలా తక్కువమంది. నావి ఎత్తుపళ్ళు. మామూలు ఎత్తు కాదు, వానలో నిలబడినా నా కింది పెదవి తడవదని మా పెద్దన్నయ్య అనేవాడు. (చిన్నన్నయ్య కొంచెం మర్యాదస్తుడు, కొబ్బరికోరాం అని పిలిచి ఊరుకునేవాడు.) దాంతో నవ్వొచ్చినప్పుడల్లా నా కుడిచెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వెళ్ళిపోయేది. చేతిలో చున్నీ ఉంటే చున్నీ, పుస్తకం ఉంటే పుస్తకం. సాలూరులో డిగ్రీ పూర్తయ్యేసరికి ఆ విద్యలో ఎంత ఆరితేరానంటే, పక్క బెంచీ స్నేహితురాలికి కూడా నేను నవ్వానో తుమ్మానో తెలిసేది కాదు.

అలాంటి నన్ను, పిల్లలకి బొమ్మల పుస్తకాలు చదివి వినిపించే ఒక సంస్థవాళ్ళు ఉద్యోగంలోకి తీసుకున్నారు. అనంతగిరి దాటాక కాఫీ తోటల మధ్య ఒక చిన్న ఊరు నా వంతుకొచ్చింది. "పిల్లలు తమని తాము ఇష్టపడడం నేర్చుకోవాలమ్మా. రంగు, రూపం, మాట, ఏదీ దాచుకోవక్కర్లేదని వాళ్ళకి తెలియాలి" అని శిక్షణలో మా పెద్ద మేడం చెప్పింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "తప్పకుండా మేడం" అన్నాను.

ఆ ఊళ్ళో పొద్దున్నే మంచు ఇళ్ళలోకి వచ్చి కూర్చునేది. సిల్వరోక్ చెట్లు పై సగం లేకుండా నిలబడేవి. వాటిమీద పాకే మిరియాల తీగలు ఎక్కడిదాకా వెళ్ళాయో కనపడేది కాదు. బడి వరండాలో సంచి దించుకుని కూర్చుంటే నేను మెలకువగా ఉన్నానో, ఇంకా సాలూరులో మా అమ్మ దుప్పట్లోనే ఉన్నానో తెలియని మత్తు. ఆ తెల్లదనంలోంచి పిల్లలు ఒక్కొక్కరే ఊడిపడేవాళ్ళు. అందరికంటే ముందు ఒక నవ్వు వచ్చేది, ఆ వెనకాల ఒక గుంట, అదే, చిన్నపిల్ల, వచ్చేది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, గంట మోగినట్టు నవ్వే ఆ పిల్లకి నేను గంటమ్మ అని పేరు పెట్టుకున్నాను. అమ్మానాన్నా లేరు, మామ్మ పెంచుతోంది. మామ్మకి కళ్ళలో పొర. కాఫీ కోతకి వెళ్ళినప్పుడు మనవరాలు ఏ పొద దగ్గరుందో ఆ నవ్వును బట్టే కనిపెట్టేది. పిల్ల తోటలో ఉన్నా, బడి వరండాలో ఉన్నా, నవ్వు వినపడుతున్నంతసేపూ నిశ్చింతగా కోసుకునేది.

నేను ఎక్కువగా చదివిన పుస్తకంలో ఒక ముక్కుపిట్ట ఉండేది. ఒంటికంటే పెద్ద పసుప్పచ్చ ముక్కు. సిగ్గుపడి దాన్ని రెక్క కింద దాచుకుంటుంది. దాచుకున్నంతకాలం పండు తినలేదు, ఎవర్నీ పిలవలేదు. చివరికి విసుగెత్తి ముక్కు బయటపెట్టి కూస్తే కొండంతా తిరిగి పలుకుతుంది. పిల్లలు బొమ్మ చూడగానే గుర్తుపట్టేశారు. "ఈ పిట్ట మా కొండమీదుంది పంతులమ్మా! మా సిన్నాన్న సూసాడు" అని ఒకడు లేచి నిలబడ్డాడు. తమ కొండమీది పిట్ట పుస్తకంలోకి ఎక్కినందుకు వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "నా ముక్కు నాది, నేను దాచుకోను" అన్న చివరి పేజీని నేను ఎంతో భావం పలికిస్తూ చదివేదాన్ని. (అరచేతి వెనకనించి.)

చలి ముదిరేసరికి తరగతిలో ఒక మార్పు వచ్చింది. నవ్వొస్తే చాలు, పిల్లల చేతులన్నీ టపటపా నోళ్ళమీదికి వెళ్ళిపోయేవి. గోల లేదు, కేరింతలు లేవు. నేను పొంగిపోయాను. ఫోను సిగ్నల్ కోసం బండ ఎక్కి మరీ "పిల్లలకి ఎంత క్రమశిక్షణ వచ్చిందో చూడండి మేడం" అని చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున మంచు మరీ దట్టంగా దిగింది. నేను ముక్కుపిట్ట కథ చదువుతున్నాను. గంటమ్మ ముందు వరసలో కూర్చుని, నోటిమీద చెయ్యి పెట్టుకుని, భుజాలు ఊపుతూ చప్పుడు లేకుండా నవ్వుతోంది. ఇంతలో మంచులోంచి మామ్మ వచ్చింది. మోకాళ్ళదాకా బురద, మోచెయ్యి గీరుకుపోయి రక్తం. ఊపిరి అందడం లేదు.

"మా గుంట ఇక్కడుందా పంతులమ్మా? దాని నవ్వు ఇనపడ్డం నేదు. గెడ్డలో పడిపోనాదేమోనని కిందదాకా దిగి ఎతికొచ్చేను."

గెడ్డంటే కింద పారే కొండవాగు, దాని ఒడ్డంతా జారుడు బండలు. కళ్ళున్నవాళ్ళే పొద్దున పూట అటు వెళ్ళరు. గంటమ్మ "మామ్మా" అని వెళ్ళి చుట్టుకుంది. మామ్మ దాని మొహం తడిమింది. వేళ్ళకి నోటిమీది చెయ్యి తగిలింది.

"ఇదేటే? పన్ను నొప్పేటి?" మామ్మ పక్కనున్న పిల్లాడి మొహం తడిమింది. అక్కడా చెయ్యే. ఆ పక్కనా అంతే. "ఓలమ్మో! ఊళ్ళో గుంటలందరికీ పన్ను నొప్పే! ఉండండి, బేగి ఎల్లి మందేరు తవ్వి తెత్తాను."

"నొప్పి కాదు మామ్మా" అంది గంటమ్మ గర్వంగా. "సదువుకున్నోలు ఇలాగే నవ్వుతారు. పంతులమ్మని సూడు."

అప్పటికి నా చెయ్యి ఎక్కడుందో నేను చెప్పక్కర్లేదు. మామ్మ నా దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి చూసి, ఆ చేతిని మెల్లగా కిందికి దించింది. ఇంకో చేత్తో నా పళ్ళని, అవునండీ, పళ్ళని, సంతలో దుంపలు చూసినట్టు వేలితో నొక్కి చూసింది.

"పళ్ళేగదమ్మా! గట్టిగా కూడా ఉన్నాయి. మరేటి దాపరికం? నువ్వు మూసుకుంటే ఈలు మూసుకుంటన్నారు. నవ్వు ఇనపడకపోతే ఈ మంచులో నా గుంటని నానెలాగ ఎతుక్కునేది?"

నాకు ఏడుపొచ్చింది. గెడ్డ ఒడ్డున తడుముకుంటూ తిరిగిన ఆ ముసలమ్మని తల్చుకుంటే ఇప్పటికీ వస్తుంది. కళ్ళు తుడుచుకుని, కుడిచేతిని ఒళ్ళో పెట్టి దానిమీద ఎడమచేతిని బరువుగా వేసి, చివరి పేజీ మళ్ళీ చదివాను. "నా ముక్కు నాది, నేను దాచుకోను." చదివి నవ్వాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఓలమ్మా! పంతులమ్మకి ఎంతెంత పళ్ళో! ముక్కుపిట్ట!" అని గంటమ్మ అరిచింది. ఇక ఆగలేదు వాళ్ళు. వరండా ఎగిరిపోయేలా నవ్వారు, వాళ్ళతో నేనూ. మామ్మ తోటవైపు నడిచి మంచులో కలిసిపోయింది. కాసేపటికి ఎక్కడో పైనించి "ఊఁ... ఇనపడతంది!" అని కేక వచ్చింది. ఆ తర్వాత నన్ను పిల్లలు పంతులమ్మ అని పిలవడం మానేశారు. ముక్కుపిట్టమ్మ అనేవారు. కొబ్బరికోరాం కంటే ఎంతో నయం.

ఇన్నేళ్ళయినా నా కుడిచెయ్యి పూర్తిగా మాట వినదు. నవ్వొస్తే సగందాకా లేస్తుంది, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కిందికి దిగిపోతుంది. అరచేతి వెనక అన్నేళ్ళు దాక్కున్న ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, కాస్త జాలి, ఎంత నవ్వు వృథా చేసుకుందో అని. గంటమ్మకి ఈపాటికి కొత్త పళ్ళొచ్చి, నవ్వు మారిపోయి ఉంటుంది. ఎప్పుడైనా అరకు రోడ్డు మీద బస్సు మంచులోకి దూరితే నేను కిటికీ తెరిచి, ఏ చిన్న సాకు దొరికినా గట్టిగా నవ్వుతాను. పక్క సీటువాళ్ళు వింతగా చూస్తారు. నేను మాత్రం కొండవైపు చెవి పెట్టి కూర్చుంటాను, పైనించి "ఇనపడతంది" అని ఎవరైనా అంటారేమోనని.